ద్రాక్షపుల్ల వేరు తొడుగుట

నాగోలు నుండి ఉప్పల్ మీదుగా హబ్సిగూడకు పోవు దారిలో నేడు స్తంభాలమీద మెట్రో రైలు నడుచుచున్నది. క్రింద బస్సులు, లారీలు. ఇరువైపుల అంగళ్ళు, అంతస్తుల మేడలు. నాచారం వైపు తిరిగితే కర్మాగారాల గోడలు. ఈ ప్రాంతములో పుట్టి పెరిగిన ముసలివారిని ఎవరినైనా కదిపి చూడండి. "ఇదంతా అంగూర్ తోటలే బిడ్డా" అని చెప్పుదురు. అతిశయోక్తి కాదు. గత శతాబ్దిలో హైదరాబాదు చుట్టుపట్ల గ్రామాలలో ద్రాక్షపందిళ్ళు విరివిగా ఉండెడివి. ఆ పందిళ్ళకు పేరు తెచ్చిన రకము అనాబెషాహి. 'అనాబ్' అనగా ద్రాక్ష, 'షాహి' అనగా రాచది. పొడుగాటి పెద్ద పండు, బాగుగా పండినప్పుడు తేనెరంగు తిరుగును, లోపల గింజలుండును. దీనిని 1890 ప్రాంతాల అబ్దుల్ బాకర్‌ఖాన్ అను ఆయన హైదరాబాదునకు తెచ్చినట్లు ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెప్పుచున్నవి.

ఇన్ని గింజలున్న పండు గదా, అన్ని తోటలను గింజలు నాటియే పెంచియుందురని అనుకోవచ్చును. కాని ఆ పందిళ్ళమీది తీగెలు విత్తనము నుండి మొలిచినవి కావు. ఒక తోటలో కొమ్మలు కత్తిరించినప్పుడు ఆ ముక్కలను తీసికొనిపోయి వేరొక తోటలో గ్రుచ్చిరి. అక్కడినుండి మరొక తోటకు. తోటమాలులు ఈ ముక్కలను పుల్లలనియే వ్యవహరింతురు. పాఠ్యగ్రంథాలలో ఛేదనములని ఉండును. మనము పుల్ల అనియే అందము.

ఈ పుల్లను చూచితే ఆశ్చర్యము కలుగక మానదు. వేరు లేదు, ఆకు లేదు, తల్లితో సంబంధము తెగిపోయినది. అయినను మట్టిలో పెట్టిన కొన్ని వారాలకు వేరు తొడుగును. కాండమునకు ఆ వేరు ఎక్కడిది? వేరు ఎక్కడ రావలెనో, చిగురు ఎక్కడ రావలెనో దానికెట్లు తెలియును? మఱియు, ఇంటివద్ద మొదటిసారి ప్రయత్నించినవారి పుల్లలలో చాలాభాగము పచ్చగా చిగిర్చి, తరువాత ఎందుకు ఎండిపోవుచున్నవి? ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలిసినచో తక్కినవి సులభముగా తెలియును.

ముందుగా గింజ సంగతి. గింజలో తల్లి లక్షణాలు సగము, తండ్రి లక్షణాలు సగము కలిసియుండును. ద్రాక్షలో ఈ కలయిక మరీ చిత్రముగా ఉండును: ఒకే గుత్తిలోని పది గింజలు నాటితే పది తీరుల తీగెలు వచ్చును. ఒకటి పులుపు, ఒకటి చిన్న పండు, ఒకటి అసలు కాపే కాయదు. బంగినపల్లి టెంకను పాతినవారికి ఈ అనుభవము కలదు. పుల్ల విషయము వేరు. అది తల్లి శరీరములోని ముక్కయే. దానినుండి పెరిగినది తల్లికి బిడ్డ కాదు. తల్లియే మరొక చోట పెరుగుచున్నదనవలెను. దీనికి శాకీయోత్పత్తి అని పేరు.

ఈ మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఫ్రాన్సు దేశములో ఓర్లియాన్స్ పట్టణమున త్రవ్వకాలలో దొరికిన ద్రాక్షగింజలలో సుమారు 900 ఏండ్ల నాటిది ఒకటి ఉన్నది. దానిలోని డీఎన్ఏను శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2019లో ఫలితము ప్రకటించిరి. నేడు ఐరోపాలో పెంచుచున్న సావన్యాఁ బ్లాఁ అను రకపు డీఎన్ఏతో అది సరిపోయినది. అనగా తొమ్మిది శతాబ్దాలపాటు ఎవరో ఒకరు ఆ తీగెనుండి పుల్లలు కోసి నాటుచునే వచ్చిరన్నమాట. మధ్యలో ఒక తరమువారు మానివేసియుంటే ఆ రకము అంతటితో పోయెడిది. అనాబెషాహి ఉనికియు ఇట్టిదే. పందిరి కూలినను ఫరవాలేదు. ఎక్కడో ఒకచోట పుల్ల బ్రతికియుండవలెను.

ఇక పుల్లలోపలికి పోదము. పెన్సిలు లావు గల ముదురు ద్రాక్షకొమ్మను పదునైన కత్తితో అడ్డముగా కోసి భూతద్దముతో చూడండి. నడుమ మెత్తని దవ్వ, దానిచుట్టు గట్టి దారువు, అన్నిటికి వెలుపల బెరడు. దారువునకు బెరడునకు నడుమ పలుచని పచ్చని తడిపొర ఒకటి కలదు. ఇదే విభాజ్య కణావళి. ఆంగ్ల గ్రంథాలలో కేంబియం. కొమ్మ లావెక్కుట దీని పని. చెట్టులో తక్కిన కణాలు చాలావరకు ఒక్కొక్క వృత్తిలో స్థిరపడినవి: నీరు మోయునవి కొన్ని, బలమిచ్చునవి కొన్ని. ఈ పొరలోని కణాలును, ప్రక్కనున్న కొన్ని మెత్తని కణాలును మాత్రము ఇంకను ఏ పనికైనను సిద్ధముగా ఉండును.

కొమ్మ తెగగానే గాయమువద్ద కణాలు చనిపోయి పైపొర గట్టిపడును. కొన్ని రోజులకు కోతఅంచున తెల్లని గరుకైన కండ పెరుగును. దీనిని కాలస్ అందురు. కాలస్ నుండియే వేరు వచ్చునని చాలామంది భ్రమపడుదురు. కొన్ని పాఠాలలోను అట్లే ఉన్నది. ద్రాక్షలో సాధారణముగా అట్లు జరుగదు. కాలస్ గాయమును మూసి, కుళ్ళు లోపలికి పోకుండ కాపాడును. వేరు పుట్టుట విభాజ్య కణావళి దగ్గర. అక్కడ కొన్ని కణాలు గబగబ విభజన చెంది చిన్న ముద్దగా ఏర్పడి, ఆ ముద్ద వేరుమొనగా రూపొంది, బెరడును చీల్చుకొని బయటపడును. వేరునుండి కాక ఇట్లు కాండమునుండియో ఆకునుండియో పుట్టిన వేళ్ళను అబ్బురపు వేళ్ళందురు. మర్రిఊడలు ఇట్టివే, చెరకు కణుపువద్ద కనబడు వేళ్ళును ఇట్టివే. శాస్త్రపదాలలో ఇంత అందమైన తెలుగు మాట తరచుగా దొరకదు.

వేరు పుట్టవలెనని ఆ కణాలకు ఆజ్ఞ ఎవరిచ్చిరి? ఆకులలోను చిగుళ్ళలోను తయారై క్రిందికి దిగు ఒక పదార్థము వేళ్ళను పుట్టించునని 19వ శతాబ్ది చివరి భాగములో జర్మనీ శాస్త్రజ్ఞుడు యూలియస్ సాక్స్ ఊహించెను. ఊహకు ఆధారము దొరకుటకు చాలాకాలము పట్టినది. 1928లో హాలెండు దేశీయుడు ఫ్రిట్స్ వెంట్ ఓటుధాన్యపు మొలకల కొనలు కోసి, అగర్ ముక్కలపై కొంతసేపు ఉంచి, తరువాత ఆ అగర్‌ను కొన లేని మొలకలపై ఒక ప్రక్కగా పెట్టెను. మొలక వంగినది! కొననుండి ఏదో పదార్థము అగర్‌లోనికి దిగినదని రుజువైనది. ఆ పదార్థమే ఆక్సిన్. మొలకను పొడిగించు ఆక్సినే కొమ్మకు వేరును పుట్టించునని 1934, 35 సంవత్సరాలలో తేలినది. 1935లోనే అమెరికాలో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ అను వారు ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లము వేరు పుట్టించుటలో మరింత బాగుగా పనిచేయునని కనుగొనిరి. నేడు విత్తనాల దుకాణాలలో 'వేరు హార్మోను' అని అమ్ము పొడిలో సామాన్యముగా ఉండునది ఇదియే. ఆంగ్లములో పొడి అక్షరాలతో ఐబీఏ అందురు.

ఆక్సిన్‌కు ఒక నియమము కలదు. అది కాండములో కొననుండి మొదలువైపునకు నడుచును. కణము అడుగుప్రక్క పొరలో పిన్ అను ప్రోటీన్లు ద్వారపాలకులవలె ఉండి దానిని క్రింది కణములోనికి పంపుచుండును. కొమ్మను కోసినప్పుడు దారి అక్కడితో తెగును గనుక ఆక్సిన్ కోతవద్ద పోగుపడును. వేరు క్రింది కోతవద్దనే ఎక్కువగా వచ్చుటకు కారణమిదే. మఱి పుల్లను తలక్రిందులుగా పాతితే? 1878లో ఫెక్టింగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కొమ్మముక్కలను తలక్రిందులుగా వ్రేలాడదీసి ఈ సంగతి పరీక్షించెను. ముక్కను ఎట్లు త్రిప్పినను, చెట్టుమీద ఉన్నప్పుడు మొదలుగా ఉన్న కొననే వేళ్ళు, పైకొననే చిగుళ్ళు వచ్చినవి. నేల ఎటు ఉన్నదని కాదు, తన మొదలు ఏదియని కొమ్మకు జ్ఞాపకము. దీనికి ధ్రువత్వమని పేరు.

ఆక్సిన్ ఒక్కటియే నిర్ణయించునా అంటే అదియు కాదు. 1957లో స్కూగ్, మిల్లర్ అనువారు పొగాకు దవ్వ కణాలను సీసాలలో పెంచుచు, ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్ళు, కైనెటిన్ పాలు ఎక్కువైతే చిగుళ్ళు పుట్టునని చూపిరి. చిగురుకు వేరుకు నడుమ ఇట్టి తూకము ఒకటి ఉన్నదని జ్ఞాపకముంచుకొన్నచో మన అసలు ప్రశ్నకు రావచ్చును.

నా అనుభవమే చెప్పెదను. కొన్ని ఏండ్ల క్రిందట నాచారంలో మా డాబామీద పన్నెండు ద్రాక్షపుల్లలు కుండీలలో గ్రుచ్చితిని. పదిరోజులు దాటగానే పదకొండు చిగిర్చినవి. ప్రక్కింటివారిని పిలిచి చూపితిని. ఒకరికి రెండు మొక్కలు ఇచ్చెదనని మాటకూడ ఇచ్చితిని. మూడవ వారములో ఆకులు వ్రేలాడబడినవి. నీరు ఎక్కువ పోసితిని. నెల తిరుగునప్పటికి ఒక్కటియు మిగులలేదు. పెరికి చూడగా అడుగున కాలస్ ఉన్నది, వేరు మాత్రము లేదు.

జరిగినది ఇది. పుల్లలో పిండిపదార్థము నిలువ ఉండును. కన్ను విచ్చి చిగురు పొడుచుటకు వేరుతో పని లేదు. ఆ నిలువయు, పుల్లలోనున్న తేమయు చాలును. కనుక చిగురు వేసినంతమాత్రాన పుల్ల బ్రతికినట్లు కాదు. అది దాచుకొన్న సొమ్ము ఖర్చు పెట్టుచున్నదని మాత్రమే అర్థము. ఆకు విచ్చగానే పత్రరంధ్రాలు తెరచుకొని బాష్పోత్సేకము మొదలగును. నీరు లోనికి తెచ్చుటకు వేరు లేదు. బయటికి పోవుట మాత్రము ఆగదు. సామాన్యముగా ద్రాక్షకన్ను రెండువారాలలోపలనే విచ్చును. వేరు రావలెనన్న మూడు నాలుగు వారాలు కావలెను. నడుమనున్న ఆ రెండు వారాలే గండము. పుల్ల నాటువాని పనియంతయు ఈ పందెములో వేరును ముందుంచుటయే.

చలిదేశాలలో ఈ చిక్కు కొంత తక్కువ. శీతకాలమున ద్రాక్ష ఆకులన్నియు రాల్చి నిద్రించును. ఆ నిద్రలోనున్న కొమ్మలను కోసి, పైన చలి, క్రింద వెచ్చదనము ఉండునట్లు ఇసుకలో ఉంచుదురు. వెచ్చదనమునకు వేరు పుట్టును, చలికి కన్ను విచ్చదు. మన ఎండలో ద్రాక్ష నిద్రించదు. అందుచేతనే హైదరాబాదు తోటలలో ఏటికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొమ్మలు కత్తిరించు పద్ధతి ఏర్పడినది. అక్టోబరు కత్తిరింపులో వచ్చు ముదురుకొమ్మలే పుల్లలకు శ్రేష్ఠము. వాటిలో పిండిపదార్థము సమృద్ధిగా ఉండును, వాతావరణమును చల్లబడుచుండును. నేను నాటినది మార్చి చివర! ఆ ఎండకు ముదురు చెట్లే సొమ్మసిల్లును.

పాఠశాలలో దీనిని ప్రయోగముగా చేయుటకు పెద్ద ఖర్చు లేదు. అక్టోబరులో కొమ్మలు కత్తిరించు తోటనుండియో, ఇంటిపందిరి ఉన్నవారినుండియో, గోధుమరంగు తిరిగిన, పెన్సిలు లావు గల కొమ్మలు తేవలెను. పచ్చికొమ్మలు కుళ్ళిపోవును. నాలుగు కణుపులుండునట్లు సుమారు 25 సెంటీమీటర్ల ముక్కలు కోయండి. క్రింది కోత కణుపునకు సరిగా దిగువన, అడ్డముగా. పై కోత కన్నునకు ఒక అంగుళము పైన, ఏటవాలుగా. రెండు కోతలు రెండు తీరుల ఉన్నందున పిల్లలు తల, మొదలు తారుమారు చేయరు. ఆకులన్నియు తీసివేయవలెను. పై కోతకు కొందరు రైతులు పేడముద్ద పెట్టుదురు. దీనిని మూఢాచారమని నవ్వనక్కరలేదు. తడి ఆరిపోకుండ అది మూతవలె పనిచేయును. కరగిన క్రొవ్వొత్తి మైనము ఇంకను శుభ్రమైనది.

కడిగిన ముతక ఇసుకగాని, ఇసుక, చలకమట్టి సగము సగముగాని అడుగున రంధ్రాలున్న తొట్టిలో నింపవలెను. బరువైన నల్లరేగడి ఒక్కటియే పనికిరాదు. వేరు పుట్టుటకు తేమ యెంత అవసరమో గాలి అంత అవసరము. నీరు నిలిచినచో అడుగుభాగము ఊపిరాడక కుళ్ళును. రెండు కణుపులు మట్టిలోను, రెండు పైనను ఉండునట్లు గ్రుచ్చి, చుట్టును నొక్కి, నీడను ఉంచండి. పైన పలుచని ప్లాస్టిక్ సంచి బోర్లించినచో లోపలి గాలి తేమగా ఉండి ఆకులనుండి నీరు పోవుట తగ్గును. అది ఎండలో ఉండరాదు. లోపలి వేడికి పుల్లలు ఉడికిపోవును. దినమునకొకసారి సంచి ఎత్తి గాలి తగులనివ్వవలెను.

పుల్లలను నాలుగు వరుసలు చేయండి, వరుసకు పదేసి. మొదటివి మామూలుగా. రెండవవి తలక్రిందులుగా. మూడవవి హార్మోను ద్రవములో అడుగుభాగము రెండు సెంటీమీటర్లు అయిదు క్షణాలు ముంచి నాటవలెను. ద్రవమునకు 100 మిల్లీగ్రాముల ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లమును 50 మిల్లీలీటర్ల స్పిరిటులో కరగించి, 50 మిల్లీలీటర్ల నీరు కలుపవలెను; ఇది వేయింట ఒక వంతు బలము గలది. ఎక్కువ బలమైతే ఎక్కువ వేళ్ళు వచ్చుననుకొనరాదు. మోతాదు మించినచో కన్నులు అణగిపోయి, వేళ్ళు గిడసబారును. ఈ ద్రవమును ఉపాధ్యాయుడే తయారుచేయుట మంచిది. స్పిరిటు దగ్గర మంట ఉండరాదు, పొడి ముక్కులోనికి పోరాదు. నాలుగవ వరుసను హార్మోను లేని స్పిరిటు నీటిలో అదేవిధముగా ముంచవలెను. ఇది ఎందుకని విద్యార్థులే అడుగవలెను. మూడవ వరుసలో వేళ్ళు ఎక్కువ వచ్చినచో అది హార్మోను ఫలితమా, స్పిరిటు ఫలితమా అని తేల్చుటకు వేరొక దారి లేదు గదా!

వేరు వచ్చినదా అని పుల్లను లాగి చూచుట అందరికి గల దురలవాటు. లేతవేరు దారమువలె తెగును. ఒకటి రెండు పుల్లలను గాజుసీసాలో, గాజుకు ఆనునట్లు ఇసుకలో గ్రుచ్చి, సీసాకు నల్లకాగితము చుట్టి ఉంచండి. వారమునకొకసారి కాగితము విప్పి చూడవచ్చును. ఆరువారాలకు తొట్టిని నీటిలో ముంచి, ఇసుక జారనిచ్చి పుల్లలన్నిటిని పైకి తీసి, వేళ్ళను లెక్కించి, పొడవులు కొలవవలెను. పదింటిలో ఏడు, పదింటిలో తొమ్మిది అని వచ్చినచో అప్పుడే తీర్పు చెప్పవద్దు. అంత తేడా కాకతాళీయముగా కూడ రావచ్చును. తక్కిన తరగతుల లెక్కలు కూడ కలిపి చూడవలెను. నా అభిప్రాయములో ఈ ఒక్క సంగతి పిల్లలకు పట్టుబడినచో వేళ్ళు రాకపోయినను నష్టము లేదు.

ద్రాక్ష దొరకనివారు మందారము, నందివర్ధనము, కాగితపుపూల చెట్టు కొమ్మలతో చేయవచ్చును. మామిడితో ప్రయత్నించి నిరాశపడవద్దు. దాని కొమ్మ వేరు తొడుగుట బహుకష్టము; మామిడికి అంట్లు కట్టుట అందుకే.

పుల్లతో వచ్చు చిక్కు ఒకటి చెప్పక తప్పదు. తల్లిలోని మంచి అంతయు వచ్చినట్లే తల్లి రోగమును వచ్చును. వైరసు పట్టిన తీగెనుండి కోసిన ప్రతి పుల్లలోను ఆ వైరసు ఉండవచ్చును, కంటికి కనబడదు. కనుక నిండుగా కాసిన, ఆకులు ముడుచుకొనని తీగెనే తల్లిగా ఎన్నుకొనవలెను. వైరసు పట్టిన మొక్కలోను చిగురు చివరి అతి చిన్న భాగమున వైరసు లేకపోవచ్చును. దానిని మాత్రము సీసాలో పెంచి రోగము లేని మొక్కలు తీయవచ్చునని 1952లో ఫ్రాన్సులో మొరెల్, మార్టిన్ అనువారు డాలియాలపై చూపిరి. ఇక ఒకే తీగె వేలాది ఎకరాలలో వ్యాపించినప్పుడు, దానికి పడని పురుగు వచ్చినచో తోటలన్నియు ఒక్కసారే పోవును. 1860 తరువాత ఫ్రాన్సు ద్రాక్షతోటలను ఫిల్లోక్సెరా అను వేరుపురుగు ఇట్లే నాశనము చేసినది. ఆ పురుగును తట్టుకొను అమెరికా జాతుల వేళ్ళపై తమ రకాలను అంటుకట్టి వారు బయటపడిరి. నేడు మన దేశములోను ద్రాక్షను డాగ్‌రిడ్జ్ అను అమెరికా వేరుమొక్కపై అంటుకట్టుట విరివిగా ఉన్నది. ఇక్కడ కారణము వేరు, నీటి కొరతయు చౌడును అది తట్టుకొనును. చమత్కారమేమనగా, ఆ వేరుమొక్కను కూడ పుల్లలతోనే పెంచవలెను. పైగా అది వేరు తొడుగుటలో అనాబెషాహికంటె మొండిది.

పుల్లలతో పెంచిన తీగె అచ్చముగా ఎప్పటికి ఒకటిగానే ఉండునా అంటే, అరుదుగా ఒక కన్నులో మార్పు కలిగి ఆ కొమ్మ వేరుతీరుగా కాయును. చూచిన రైతు ఆ కొమ్మనే పుల్లలు చేసినచో క్రొత్త రకము పుట్టును. దిల్‌కుష్ అనాబెషాహినుండి ఇట్లు వచ్చినదే. మహారాష్ట్రలోని తాస్-ఎ-గణేశ్, గింజలేని థామ్సన్ రకమునుండి ఇట్లే వచ్చినది. ఆ గింజలేని రకాలకు బజారులో గిరాకీ పెరిగినది. ఇటు నగరము పెరిగి ఉప్పల్, నాచారం పొలాలు ఇండ్ల స్థలాలైనవి. పందిళ్ళు పోయినవి. పాత ఇండ్ల పెరళ్ళలో అక్కడక్కడ ఒక తీగె మిగిలియున్నచో, అక్టోబరులో కత్తిరించిన కొమ్మలను చెత్తకుప్పలో వేయకుండ అడిగి తెచ్చుకొనవచ్చును.

లెక్కలు ముగిసిన తరువాత వేరుపడిన పుల్లలను పారవేయవద్దు. చలకమట్టి, చివికిన పశువులయెరువు, ఇసుక సమపాళ్ళలో కలిపిన సంచులలో ఒక్కొక్కటిగా నాటి, పదిరోజులు నీడను ఉంచి, తరువాత మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయవలెను. మొదటి వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగులనీయరాదు. రెండు మూడు చిగుళ్ళు వచ్చినను బలమైనది ఒకటే ఉంచి తక్కినవి గిల్లివేయండి. తొలకరి పడిన తరువాత గోడప్రక్కన మోకాలిలోతు గుంట త్రవ్వి నాటి, కర్ర ఊతముగా పాతి, పందిరి ఎత్తునకు పోవువరకు ప్రక్కకొమ్మలు రానీయకుండ ఆ ఒక్క తీగెనే పైకి ప్రాకించవలెను.